స్టైలాయిడ్ ఎముక పెరిగిందన్నారు, ఆపరేషన్ చేయించాలా?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. మీ ఆవిడకు 38 ఏళ్లు. ఏడాదిన్నర నుంచి గొంతులో కుడివైపు చేపముల్లు ఇరుక్కున్నట్టు ఉంటోంది. గుటక వేస్తే చెవిలోకి పోటు, తల కుడివైపు తిప్పితే దవడ కింద లాగుడు. గ్యాస్ అని కొన్నాళ్లు మాత్రలు వాడారు, జ్ఞానదంతం పీకించారు, మెడ ఎముకలు అరిగాయంటే కాలర్ కూడా పెట్టించారు. చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరు సీటీ తీయిస్తే కుడివైపు స్టైలాయిడ్ ఎముక 41 మిల్లీమీటర్లు, ఎడమవైపు 36 అని వచ్చింది. ఆపరేషన్ చేస్తామన్నారు. అది నిజంగా అవసరమా, నోట్లోంచి చేస్తారా మెడ కోస్తారా, మాట పోతుందా, మళ్లీ పెరుగుతుందా, ఎడమవైపు కూడా తీయించేయాలా అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఈఎన్‌టీ సర్జన్ని. ఈ ఆపరేషన్ రెండు దారుల్లోనూ చేస్తుంటాను. రిపోర్టులో 41 అని ఉంది కదా అని మాత్రం ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ఆవిడ నొప్పికి ఆ ఎముకే కారణమని వేలితో, సూదితో తేలాక ఒప్పుకోండి. ఆపరేషన్ అయ్యాక కూడా "ఏం తగ్గలేదు డాక్టర్" అంటూ వచ్చేవాళ్లలో చాలామంది కేవలం స్కాన్‌లో అంకె చూసి చేయించుకున్నవాళ్లే.

స్టైలాయిడ్ అందరికీ ఉండే ఎముకే. చెవి తమ్మెకు లోపలివైపు, పుర్రె అడుగు నుంచి కిందకీ ముందుకీ లోపలికీ దిగుతుంది. మామూలుగా రెండున్నర నుంచి 3 సెంటీమీటర్లు ఉంటుంది. దాని కొన నుంచి ఒక లిగమెంటు, అంటే ఎముకలను కలిపే పట్టీ, గొంతు పైభాగంలోని హయాయిడ్ ఎముక దాకా వెళ్తుంది. కొందరిలో ఆ లిగమెంటు పైనుంచి కిందకి గట్టిపడి ఎముకలా మారిపోతుంది. స్కాన్‌లో "పెరిగింది" అని రాసేది చాలాసార్లు దీన్నే. నాలుకకు, గొంతు గోడకు, హయాయిడ్‌కు వెళ్లే మూడు కండరాలు ఈ ఎముక మీదే పుడతాయి. అందుకే మింగినా, ఆవలించినా, తల తిప్పినా అక్కడ కదలిక తప్పదు. కొన బాగా కిందకి దిగినా, లోపలికి వంగినా టాన్సిల్ వెనక గొంతు గోడను పొడుస్తూ ఉంటుంది. పొడవు తక్కువైనా వంపు ఎక్కువైతే నొప్పి రావచ్చు. పొడవు 45 ఉండి జీవితంలో ఒక్కరోజు కూడా గొంతు నొప్పి తెలియనివాళ్లూ ఉంటారు.

చెవి పోటు ఎందుకంటే, ఆ ఎముక పక్కనుంచే తొమ్మిదో కపాల నరం, గ్లాసోఫారింజియల్ నరం వెళ్తుంది. టాన్సిల్, నాలుక వెనకభాగం, గొంతు గోడ స్పర్శ దానిదే. మధ్య చెవి స్పర్శ కూడా దానిదే. కింద గుచ్చుకుంటే మెదడుకు చెవిలో పోటులా అనిపిస్తుంది. చెవిలో చూస్తే ఏమీ ఉండదు. ఆవిడకు ఇన్నాళ్లూ చెవి బాగానే ఉందని చెప్పి పంపించడంలో తప్పు లేదు, అక్కడితో ఆగిపోవడమే తప్పు.

దీన్ని 1937లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన వాట్ ఈగల్ అనే ఈఎన్‌టీ డాక్టరు వివరంగా రాశారు, అందుకే ఈగల్ సిండ్రోమ్ అంటారు. ఆయన చూసినవాళ్లలో చాలామందికి అంతకుముందు టాన్సిల్స్ తీసేశారు. ఆ మచ్చ గట్టిపడి కొన చుట్టూ బిగుసుకోవడం ఒక కారణమని ఆయన అన్నారు. మీ ఆవిడకు చిన్నప్పుడు టాన్సిల్స్ ఆపరేషన్ అయిందో లేదో మీరు రాయలేదు, అది మీ సర్జన్‌కు తప్పకుండా చెప్పండి. సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం నూటికి నలుగురిలో ఈ ఎముక పొడవుగా ఉంటుంది. వాళ్లలోనూ నొప్పి వచ్చేది కొద్దిమందికే. అంటే మీ వీధిలోనే ఇలాంటి ఎముక ఉండి హాయిగా తిరుగుతున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు.

ఇప్పుడు వేలి పరీక్ష సంగతి. మీ డాక్టరు ఇది చేశారో లేదో ఆవిడను అడగండి. చేసి ఉంటే మరిచిపోయే పరీక్ష కాదు. గ్లవ్ వేసుకున్న చూపుడు వేలును నోట్లోకి పోనిచ్చి, టాన్సిల్ ఉన్న గుంటలో మెల్లగా బయటివైపుకి, వెనక్కి నొక్కుతాం. మామూలు పొడవున్న ఎముక అక్కడ వేలికి తగలదు. పెరిగినదైతే కండరం కింద గట్టిగా, మొనదేలి తగులుతుంది. నేను ఎప్పుడూ నొప్పి లేని వైపు ముందు నొక్కి చూస్తాను, ఆ తర్వాతే నొప్పి ఉన్న వైపు. వాంతి వచ్చినట్టు అవుతుందని కొందరు ముందే మత్తు స్ప్రే కొట్టేస్తారు. స్ప్రే ఎక్కువైతే మనం వెతుకుతున్న నొప్పే తెలియకుండా పోతుంది. అందుకని వీలైనంతవరకు స్ప్రే లేకుండానే, ముక్కుతో గాలి పీల్చుకోమని చెప్పి చేస్తాను. సరైన కేసైతే పేషెంటు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టేసుకుంటారు. వేలు తీశాక నేనేమీ అడగకముందే "ఇదే, ఇన్నాళ్లూ నేను చెప్తున్న నొప్పి ఇదే" అంటారు. చెవిలోకి కూడా పాకిందంటే ఇంకా నమ్మకం. ఉత్తి అసౌకర్యం, వికారం తప్ప ఆ పాత నొప్పి రాలేదంటే నేను అనుమానిస్తాను, స్కాన్‌లో ఎంత పొడవున్నా సరే.

రెండోది సూది పరీక్ష. అదే చోట ఒకటి రెండు మిల్లీలీటర్ల లిగ్నోకెయిన్ అనే మత్తు మందు ఎక్కించి కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించాలి, తల అటూ ఇటూ తిప్పించాలి. మత్తు ఉన్నంతసేపు ముల్లు గుచ్చుకున్నట్టుండే బాధ, చెవి పోటు మాయమైతే ఆపరేషన్‌తో గుణం కనిపించే అవకాశం బాగా ఉన్నట్టు. కాకపోతే ఒక చిక్కుంది. గ్లాసోఫారింజియల్ న్యూరాల్జియా అనే నరం జబ్బులో కూడా ఈ సూదికి నొప్పి పోతుంది. ఆ జబ్బు నొప్పి తీరు వేరు. కరెంటు షాక్ కొట్టినట్టు కొన్ని సెకన్లు వచ్చి పోతుంది, మధ్యలో ఏమీ ఉండదు. దానికి కార్బమాజెపిన్ లాంటి మందులు ముందు వాడాలి. స్టైలాయిడ్ నొప్పి రోజంతా మందంగా ఉండి, మింగినప్పుడు ఎగదోస్తుంది. అందుకే వేలికి ఎముక తగలడం, ఆ పాత నొప్పే రావడం, సూదికి తగ్గడం, స్కాన్‌లో అదే వైపు పొడవు కనబడటం అన్నీ కలిసి రావాలి అంటాను.

సీటీ విషయంలో ఒక్కటే. రిపోర్టు కాగితం కాదు, సీడీ తీసుకుని వెళ్లండి. త్రీడీ బొమ్మలో కొన ఎటు వంగింది, ఎంత లావుంది, మధ్యలో కీలులా విరిగి ఉందా, టాన్సిల్ గుంటకు ఎంత దగ్గర అన్నవి సర్జన్ స్వయంగా చూసుకోవాలి. పొడవు ఎక్కడ మొదలుపెట్టి కొలిచారన్నదాన్ని బట్టి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఆపరేషన్ మాట ఎత్తే ముందు ఇంకొకటి తప్పనిసరి: కెమెరాతో గొంతు లోపల, నాలుక మొదలు, స్వరపేటిక పక్కల గుంటలు చూడటం. ఒకవైపే గొంతు నొప్పి, చెవి బాగానే ఉన్నా ఆ వైపే చెవి పోటు అంటే మేం ముందు భయపడేది స్టైలాయిడ్ గురించి కాదు, క్యాన్సర్ గురించి. మీ ఆవిడకు పొగ, గుట్కా అలవాటు లేదని రాశారు కాబట్టి అవకాశం తక్కువే, అయినా చూడాలి. ఇది చదివే మిగతావాళ్లకు కూడా చెప్తున్నాను. బీడీ, చుట్ట, ఖైనీ, ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవాళ్లు నిప్పు నోట్లో పెట్టి కాల్చే అడ్డపొగ, ఏ అలవాటున్నా సరే గొంతు నొప్పి మూడు వారాలు దాటితే కెమెరా పరీక్ష చేయించుకోండి. మెడలో గడ్డ, ఉమ్ములో రక్తం, బరువు తగ్గడం ఉంటే మూడు వారాలు కూడా ఆగొద్దు. దవడ కీలు నొప్పి కూడా ఇలాగే మోసం చేస్తుంది. చెవి ముందు నొక్కితే నొప్పి, గట్టివి నమిలితే ఎక్కువ, పొద్దున్న లేవగానే దవడ బిగుసుకుని ఉండటం ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

తల తిప్పితే దవడ కింద లాగుతుందన్నారు. లాగుడు మాత్రమేనా, కళ్లు బైర్లు కమ్మడం, తూలిపోవడం, కంటి వెనక లేదా కణతల్లో నొప్పి కూడా ఉందా? ఈ ఎముక లోపలి, బయటి కెరోటిడ్ రక్తనాళాల మధ్య ఉంటుంది. కొందరిలో నరాన్ని కాకుండా రక్తనాళాన్ని నొక్కుతుంది. అది రెండో రకం. దానికి తల తిప్పి ఉంచి రక్తనాళాల సీటీ యాంజియో తీయాలి, ఆపరేషన్ దారి కూడా మారుతుంది. అరుదే అయినా ఆ రాపిడికి కెరోటిడ్ లోపలి పొర చీలి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి. కాబట్టి ఈ ఎముక పొడవుందని తెలిసినవాళ్లు మెడ పట్టేసిందని క్షవరం షాపులో తల గిరుక్కున తిప్పించుకుని టకటకమనిపించుకోవడం మానేయండి. నిజానికి ఎవరికీ అది మంచిది కాదు, మీకు అసలే కాదు.

ఇది ఎమర్జెన్సీ కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు మందులతో చూడొచ్చు. నొప్పి మాత్రలు కొద్దిరోజులు, రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ గానీ, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి నరాల మందు గానీ డాక్టరు చెప్పినట్టు వాడాలి. టాన్సిల్ గుంటలో స్టెరాయిడ్ కలిపిన ఇంజక్షన్‌తో కొందరికి నెలల తరబడి ఉపశమనం ఉంటుంది. వీటితో అన్నం తినగలుగుతూ, నిద్ర పడుతూ, పని చేసుకోగలుగుతుంటే ఆపరేషన్ అక్కర్లేదు. ఎముకను కరిగించే మందు మాత్రం ఏ వైద్యంలోనూ లేదు, ఉందని చెప్పి డబ్బు తీసుకునేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. వేలితో నొక్కి ఎముకను లోపలే విరిచేసే పాత పద్ధతి ఒకటుండేది. విరిగిన ముక్క అక్కడే ఉండి గుచ్చుతుంది, పక్కన నరాలూ రక్తనాళాలూ ఉన్నాయి. ఎవరైనా అలా చేస్తామంటే ఒప్పుకోవద్దు.

మందులతో లొంగకపోతే, పరీక్షలన్నీ ఒకే వైపు చూపిస్తుంటే, అప్పుడు ఆపరేషన్. ఏ దారిలో అన్నది ఎముక తీరును బట్టి, సర్జన్ చేతి అలవాటును బట్టి ఉంటుంది. మీ ఆవిడకు వేలికి కొన తగులుతోందంటే నోటి దారి చాలు. పూర్తి మత్తు ఇచ్చి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి ఉంచే పరికరం పెడతాం. ఆ వైపు టాన్సిల్ ఉంటే ముందు దాన్ని తీసేస్తాం. ఆ గుంటలో మళ్లీ వేలు పెట్టి కొన ఎక్కడుందో పట్టుకుని, దాని మీది పల్చటి కండరాన్ని అడ్డంగా కోయకుండా పోగుల వెంట నిలువుగా విడదీస్తాం. తెల్లగా కొన కనబడుతుంది. ఎముక మీద ఉండే పొరను చీల్చి, ఆ పొర లోపలే ఉంటూ, ఉంగరం మొన ఉన్న పరికరాన్ని ఎముక వెంట పైకి జరుపుతూ కండరాలను, లిగమెంటును ఒలిచేస్తాం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పొర లోపల పనిచేసినంతసేపు కెరోటిడ్, జుగులార్ అనే పెద్ద సిర, నరాలు అన్నీ పొర బయటే క్షేమంగా ఉంటాయి. వీలైనంత పైన ఎముకను కత్తిరించి, ముక్క లోపలికి జారిపోకుండా ముందే పట్టుకుని బయటకు తీస్తాం. మొదలు దాకా తవ్వం, తవ్వకూడదు. ముఖం కదిలించే నరం పుర్రె నుంచి బయటికొచ్చేది సరిగ్గా ఆ మొదలు పక్కనే. కొనను టాన్సిల్ గుంటకు దూరం చేస్తే చాలు. కండరానికి కరిగే కుట్లు వేస్తాం. ట్రేలో చూపిస్తే ఇంటివాళ్లు ఆశ్చర్యపోతారు, ఏడాదిన్నర ఏడిపించింది అగ్గిపుల్లంత ముక్కా అని.

మెడ మీద కోత ఎప్పుడంటే, రక్తనాళాన్ని నొక్కుతున్నప్పుడు, ఎముక చాలా లావుగా ఉండి పుర్రె దగ్గరి దాకా తీయాల్సినప్పుడు, కొన నోట్లోంచి అందనప్పుడు. గుట్కా వల్ల నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోనివాళ్లకు వేరే దారే లేదు. ఈ దారిలో అంతా కళ్లెదురుగా కనిపిస్తుంది, రక్తస్రావం అదుపు చేయడం తేలిక. బదులుగా మెడ ముడతలో మచ్చ ఉంటుంది. కింది పెదవి మూలను కదిపే సన్న నరం లాగబడి కొన్ని వారాలు నవ్వు వంకరగా రావచ్చు, చాలావరకు అదే సర్దుకుంటుంది. కొందరికి ప్రతి భోజనంలో మొదటి ముద్ద నమలగానే చెవి కింద జివ్వుమని లాగి, తర్వాత ముద్దలకు తగ్గిపోతుంది. అదీ మెల్లగా పోయేదే, ముందే తెలిస్తే హడలిపోరు. నోటి దారికి మచ్చ లేదు, త్వరగా అయిపోతుంది, కానీ చూపు ఇరుకు. నోటి క్రిములు మెడ లోపలి పొరల్లోకి చేరే అవకాశం ఉంటుంది. రోబో అక్కర్లేదు. ఉన్నచోట వాడుతున్నారు, మీ ఆవిడ కేసుకు దాని కోసం అదనంగా పెట్టే లక్షలకు తగ్గ ఫలితం నాకు కనిపించదు. ఎండోస్కోప్ వాడితే మాత్రం మంచిదే.

మాట పోతుందా అన్నారు. పోదు. స్వరపేటిక జోలికి మనం వెళ్లం. కొన్నాళ్లు గొంతు బరువుగా, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నాలుక మీద పరికరం నొక్కుడు వల్ల కొన్ని వారాలు రుచి తేడాగా, తిమ్మిరిగా అనిపించవచ్చు.

తర్వాత రోజులు టాన్సిల్స్ ఆపరేషన్‌లాగే గడుస్తాయి, పెద్దవాళ్లకు పిల్లలకన్నా నొప్పి ఎక్కువ. ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండాలి. చల్లటి పాలు, ఐస్‌క్రీమ్, పల్చటి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నంతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. నొప్పి అని మింగడం మానేస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి మాత్ర వేసి అరగంటయ్యాక తినిపించండి. రెండు మూడు వారాలు ఆవకాయ, అప్పడాలు, జంతికలు, వేడి కాఫీ దూరం పెట్టాలి. గుంటలో తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు, గోకకండి. ముఖ్యంగా మొదటి వారం చెవి పోటు పెరుగుతుంది. పుండు పడిన చోటు కూడా ఆ నరం పరిధిలోదే కదా! ఆపరేషన్ ఫెయిలైందని ఆ వారంలో కంగారు పడకండి.

రక్తం మొదటి 24 గంటల్లో గానీ, మళ్లీ ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య గానీ రావచ్చు. ఉమ్ములో పాత చారలు పర్వాలేదు. ఎర్రటి తాజా రక్తం వస్తే రాత్రి రెండైనా ఆసుపత్రికే. అందుకే మీది దూరపు ఊరైతే ఆ పది రోజులు ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉండమంటాను. జ్వరంతో మెడ వాపు, నోరు తెరుచుకోకపోవడం, ఊపిరి అందకపోవడం ఉన్నా అంతే. మెడ చర్మం కింద నొక్కితే చిటచిటలాడితే లోపల గాలి చేరిందన్నమాట, సాధారణంగా దానంతటదే పోతుంది గానీ డాక్టరుకు ఫోన్ చేయండి.

ముల్లు గుచ్చుకున్న భావన కొందరికి పుండు మానగానే పోతుంది. చెవి పోటుకు ఇంకొన్ని వారాలు, కొందరిలో మూడు నెలలు పడుతుంది, ఇన్నాళ్లు ఒరుసుకుపోయిన నరం కోలుకోవాలి కాబట్టి. సరిగా ఎంచుకున్న కేసుల్లో ఎక్కువమందికి బాగా తగ్గుతుంది, కొందరికి కొంత మిగులుతుంది. ఎముక మళ్లీ పెరగడం చాలా అరుదు. మళ్లీ నొప్పి వచ్చిందంటే మొదటిసారి చాలినంత తీయకపోవడమో, నొప్పికి కారణం వేరేదవడమో ఎక్కువ.

ఎడమవైపు వదిలేయండి. నొప్పి లేని 36 మిల్లీమీటర్ల ఎముకకు వైద్యం అక్కర్లేదు. "ఎలాగూ మత్తు ఇస్తున్నాం, రెండూ తీసేద్దాం" అంటే రెండువైపులా పుండుతో పది రోజులు మింగలేక అవస్థ పడటం, రక్తస్రావం ముప్పు రెట్టింపు కావడం తప్ప లాభం లేదు. కుడివైపు తీశాక ఎప్పుడైనా ఎడమవైపు అదే తీరు నొప్పి మొదలైతే అప్పుడు చూసుకోవచ్చు.

రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ కోఠిలో, విశాఖ పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి, సీడీ పట్టుకుని ఓపీకి వెళ్లండి. ఇన్సూరెన్స్ ఉంటే ముందస్తు అనుమతి తీసుకోండి, డాక్టరు రాసే నోట్సులో వేలి పరీక్ష ఫలితం, వాడిన మందులు రాయించండి. ఒట్టి సీటీ కాగితం పంపితే తిప్పి కొడుతుంటారు. ఆరోగ్యశ్రీ అయితే అడ్మిట్ అవ్వక ముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రతో మాట్లాడండి.

వేలి పరీక్షలో ఆ పాత నొప్పే వచ్చిందా, సూది వేశాక ఎంతసేపు తగ్గింది, చిన్నప్పుడు టాన్సిల్స్ తీశారా, తల తిప్పితే కళ్లు తిరుగుతాయా, ఈ నాలుగూ కనుక్కుని కింద రాయండి. ఏ దారి నయమో అప్పుడు ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.